ఇబ్రహీంపట్నం గుట్ట మీద పెరూ పిల్ల

వార్తను ఎప్పుడూ కింది నుంచి కోస్తారు. పత్రికలో చేరిన మొదటి వారంలోనే నాకు చెప్పిన మాట ఇది. ముఖ్యమైనదంతా మొదటి పేరాలో పెట్టు. దాని తర్వాతి ముఖ్యమైనది రెండో పేరాలో పెట్టు. చివరి పేరా ఎగిరిపోయినా పాఠకుడికి నష్టం లేకుండా రాయి. పేజీలో చోటు చాలకపోతే డెస్క్‌లో కూర్చున్నవాడు చివరి పేరా తీసేస్తాడు, అందులో ఏముందో చూసే తీరిక అతడికి ఉండదు. ముప్ఫై ఏళ్లు ఈ సూత్రాన్ని పాటించాను. ఒక్కసారి తప్పాను.

ఆ ఒక్కసారి ఏం జరిగిందో, ఇప్పుడు ఫోన్లోనే వార్త కొట్టి పంపేస్తున్న మీబోటి కొత్త విలేకరులకు చెబుదామని ఇది రాస్తున్నాను. బుద్ధి చెప్పే ఉద్దేశం లేదు. ఆ రోజును తలచుకుంటే ఇప్పటికీ నాకు నవ్వు ఆగదు. అలా ఒక్కడినే ఎంతకాలమని నవ్వుకోను.

తెలంగాణ వచ్చిన కొన్నేళ్లకు జరిగిన సంగతి. నేను ఇబ్రహీంపట్నంలో ఒక దినపత్రిక విలేకరిని. రిటైర్మెంట్‌కు ఏడాది కూడా లేదు. పెద్ద చెరువు నిండితే వార్త, ఎండితే వార్త. కొంగరకలాన్‌లో కలెక్టరేట్ వచ్చాక సగం పూట అక్కడే గడిచేది. బాలాపూర్ గణేశుడి లడ్డూ వేలం మా పక్క విలేకరి అదృష్టం. ఏడాదికోసారి అతడికి మొదటి పేజీ దొరికేది. నాకు దొరికేవి ప్లాట్ల తగాదాలు, హద్దురాళ్ల తగాదాలు, రెండూ లేని రోజున తహసీల్దార్ కార్యాలయంలో ఫ్యాన్ తిరగడం లేదన్న వార్త.

మా డెస్క్, ప్రెస్సు పెద్ద అంబర్‌పేట్ దగ్గర, విజయవాడ హైవే పక్కన ఉండేవి. అక్కడ మా పేజీ చూసే డెస్క్ ఇన్‌చార్జిది కోస్తా. వనస్థలిపురంలో ఇల్లు కట్టుకుని స్థిరపడ్డాడు. పదకొండేళ్లు మేమిద్దరం రోజూ ఫోన్లో మాట్లాడుకున్నాం. ముఖాముఖి కలిసింది పదిసార్లు కూడా ఉండదు. నన్ను గురువుగారూ అని పిలిచేవాడు. అది గౌరవమో వెటకారమో నేనెప్పుడూ తేల్చుకోలేదు.

మే నెల. ఆ మధ్యాహ్నం అతడి దగ్గర నుంచి ఫోను వచ్చింది.

"గురువుగారూ, కొంపమునిగిందండి. మీ పేజీలో వెంచర్ వాళ్ల ప్రకటన ఆగిపోయింది. సగం పేజీ ఖాళీ. ఉన్నదేదో పంపండి."

"ఉన్నదంతా పంపిన గదా. ఫ్యాన్ వార్త కూడా పంపిన."

"ఫ్యాను సగం పేజీ తిరగదండి. పెద్దది కావాలి."

నా దగ్గర పెద్దది ఒకటి ఉంది. ప్రపంచంలో ఎక్కడ ఏ పాతకాలపు వస్తువు తవ్వకాల్లో బయటపడ్డా దాని గురించి చదివి, తెలుగులో రాసి దాచుకోవడం నాకొక పిచ్చి. ఆ వారం రాసుకున్నది పెరూ దేశపు మంచు బాలిక కథ. ఆండీస్ పర్వతాల్లో, మేఘాల పైన ఉండే ఒక శిఖరం మీద, 'ఇంకా' అనే వంశపు రాజుల కాలంలో పన్నెండు పద్నాలుగేళ్ల పిల్లను కొండదేవుడికి అర్పించారు. ఐదు వందల ఏళ్ల పైచిలుకు ఆమె మంచులోనే ఉండిపోయింది. పక్కనున్న అగ్నిపర్వతం బూడిద చిమ్మితే ఆ వేడికి శిఖరం మీద మంచు కరిగింది. అంచు విరిగిపడి, బట్టల్లో చుట్టిన మూటలా ఆ పిల్ల కిందికి జారింది. పక్క కొండ పొగను దగ్గర నుంచి చూద్దామని ఎక్కిన ఇద్దరు మనుషులకు దొరికింది. ఆమె జుట్టు అలాగే ఉంది. గోళ్లు అలాగే ఉన్నాయి. భుజం మీద కప్పిన శాలువా, దానికి గుచ్చిన పిన్నుతో సహా అలాగే ఉంది. కనుక్కున్నది చాలా ఏళ్ల కిందటే అయినా, ఆమె ముఖం బతికున్నప్పుడు ఎలా ఉండేదో శాస్త్రవేత్తలు మళ్లీ తయారుచేశారన్న కబురు కొత్తగా వచ్చింది. ఆ ముఖం చూసినప్పటి నుంచి నా మనసు మనసులో లేదు. మా బస్టాండులో బడిబస్సు కోసం నిలబడే పిల్లల్లో ఒకతెలా ఉంది.

అందుకని దాన్ని వార్తలా రాయలేదు. కథలా రాశాను. కొండ, చలి, జారిన మూట, విప్పితే పిల్ల. ఇదంతా ఎక్కడ జరిగిందో చెప్పకుండా పాఠకుడిని చివరిదాకా లాక్కెళ్లి, ఆఖరి పేరాలో "ఇదంతా జరిగింది పెరూ దేశంలో" అని ముగించాను. రాసిన రోజున నన్ను నేనే మెచ్చుకున్నాను.

దానికి తోడు ఇంకొక పని చేశాను. చేసినట్టు నాకే తెలియదు. ముప్ఫై ఏళ్లుగా ఏ వార్త రాసినా మొదటి మాట ఊరి పేరు. చేతివేళ్లకు అది అలవాటైపోయింది. కళ్లు మూసుకున్నా "ఇబ్రహీంపట్నం" అని కొట్టి, చుక్క పెట్టి, అప్పుడు వార్త మొదలుపెడతాయి. ఆండీస్ పర్వతాల కథకూ అలాగే మొదలుపెట్టాయి.

"ఒకసారి చదివి చూడు, బాగుంటుంది" అని అతడికి చెప్పాను.

"మీరు రాసింది నేను చదవాలా గురువుగారూ" అన్నాడు. పదకొండేళ్ల నమ్మకం అది.

సాయంత్రం పేజీ పెడుతుంటే ఎవరిదో వర్ధంతి ప్రకటన వచ్చిందట. చోటు కోసం అతడు నా చివరి పేరా తీసేశాడు. బొమ్మ లేకపోతే సగం పేజీ బోసిగా ఉందని కంప్యూటర్లో "గుట్ట" అని వెతికాడట. క్వారీ గొడవ జరిగినప్పుడు మా ఫొటోగ్రాఫర్ పంపిన మా ఊరి గుట్ట ఫొటో దొరికింది. పెద్ద బండరాళ్లు గుండు మీద గుండుగా నిలబడి ఉండే గుట్ట అది. సాగర్ రోడ్డు మీద పోయేవాళ్లంతా ఎరిగినదే. ఫొటోకు తగ్గట్టు నా "కొండ"ను హెడ్డింగ్‌లో "గుట్ట" చేశాడు.

పొద్దున్నే ఆరింటికి ఫొటోగ్రాఫర్ ఫోను చేశాడు.

"అన్నా, పేపర్ చూసినవా?"

"ఇంకా రాలే."

"రానీకు. వచ్చినోన్ని గట్లనే వాపస్ పంపు."

అతడు ఫొటో తీసి పంపితే చూశాను. పేజీ పైభాగమంతా నాదే. "గుట్టపై మంచులో బాలిక." కింద చిన్న అక్షరాల్లో "ఐదు శతాబ్దాలుగా చెక్కుచెదరని దేహం." మధ్యలో మా గుట్ట. దాని కింద "ఇబ్రహీంపట్నం" అన్న మాటతో మొదలై, మూట విప్పి పిల్లను చూడటంతో ఆగిపోయిన వార్త. పెరూ ఎక్కడా లేదు.

"అన్నా, బయట ఎండ నలభై దాటుతది. మంచేందన్నా" అన్నాడు ఫొటోగ్రాఫర్.

మీరు నమ్మరు గానీ, ఆ ప్రశ్న ఊళ్లో ఎవరికీ పెద్దగా అడ్డం రాలేదు. ఏడింటికి చాయ్ హోటల్ ముందు నిలబడితే మాటలు వినిపించాయి. "గుండు కింద లోపట సల్లగనే ఉంటది, ఎర్కనా? మేము చిన్నగున్నప్పుడు గొర్లను గక్కడనే పండవెట్టేది" అని ఒకాయన. "సల్లగుంటె మంచు పడ్తదా? మీ ఇంట్ల ఫ్రిజ్ ఎందుకు కొన్నవ్ మరి" అని రెండో ఆయన. "పేపర్ల వచ్చింది గదనే, ఉత్తగ ఏస్తరా" అని మూడో ఆయన. ముప్ఫై ఏళ్లు ఒళ్లు దగ్గర పెట్టుకుని రాసినందుకు నాకు దక్కిన ఫలితం ఆ మూడో ఆయన. ఆయన్ని చూస్తే భయమేసింది.

ఎస్సై ఫోను చేశాడు. "ఏమన్నా, శవం దొరికితే ముందు మాకు చెప్పాలె గదా. పంచనామా లేకుంట పేపర్ల ఎట్ల ఏస్తరు?"

"సార్, ఐదు వందల ఏండ్ల శవం."

"అయితేంది? మిస్సింగ్ కేసు ఉన్నదో లేదో చూస్కోవాలె గదా."

ఎనిమిదింటికి ఎడిటర్ గారి ఫోను వచ్చింది. ఆయన గొంతు పెంచే మనిషి కాదు. ఆ రోజూ పెంచలేదు.

"కలెక్టరేట్ నుంచి అడిగారు. పురావస్తు శాఖ నుంచి అడిగారు. పక్క పత్రికల వాళ్లు నవ్వుకుంటున్నారు. తప్పు నీదో, డెస్క్ ఇన్‌చార్జిదో సాయంత్రం నాలుగింటికి ఇద్దరూ వచ్చి నా ముందర తేల్చండి. తప్పు చేసినవాడు ఇంటికి వెళతాడు. రెండోవాడు రేపటి సవరణ రాస్తాడు."

ఫోను పెట్టగానే డెస్క్ ఇన్‌చార్జి చేశాడు. అతడికి నిద్ర లేనట్టుంది. "గురువుగారూ, నేను కోశానండి, నాదే తప్పని చెబుతాను. మీకు రిటైర్మెంట్ దగ్గర పడింది. మచ్చతో ఎందుకు పోవడం?"

"ఊరి పేరు పెట్టింది నేను. పెరూను తోకకు కట్టింది నేను. నువ్వు మధ్యల రాకు. నీ పిల్లలు ఇంకా చదువుకుంటున్నరు."

"పిల్లల మాటెందుకండి ఇప్పుడు?"

"మరి నా రిటైర్మెంట్ మాటెందుకు?"

కాసేపు ఇద్దరం తగాదా పడి, తేల్చకుండానే పెట్టేశాం. ఉద్యోగం పోగొట్టుకోవడానికి ఇద్దరు మనుషులు పోటీపడటం నేను అంతకుముందు చూడలేదు.

అప్పుడే ఫొటోగ్రాఫర్ బండి వేసుకుని వచ్చాడు. జనం గుట్ట ఎక్కుతున్నారన్నాడు. ఆడవాళ్లు బోనంతో పోతున్నారన్నాడు. "ముసలోళ్లు కూడా ఎక్కుతున్నరన్నా. ఎవరన్న ఎండకు పడిపోతే అది నిజం వార్త అయితది."

ఏ తప్పు చేసినా మర్నాటి పేపర్లో మూలన నాలుగు లైన్ల సవరణ వేసి చేతులు దులుపుకోవడమే అప్పటిదాకా నేనెరిగిన పద్ధతి. సవరణ మర్నాడు గానీ రాదు. జనం ఇప్పుడు ఎక్కుతున్నారు. ఎక్కి చెప్పడం తప్ప దారి లేదు.

గుట్ట ఎక్కేసరికి నా పని అయిపోయింది. పైన తిరునాళ్లలా ఉంది. ఎవరో అప్పటికే కీరదోసకాయల గంప దించారు. కొందరు గుండ్ల సందుల్లోకి ఫోన్ల లైట్లు వేసి చూస్తున్నారు. ఒకాయన గుండుకు చెవి ఆనించి, "లోపట సల్లగ తగుల్తుంది" అంటున్నాడు. నీడ పట్టున పదిహేను ఇరవై మంది ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు. వాళ్ల మధ్యలో సున్నం పూసి, పసుపు కుంకుమ పెట్టి, వేపమండలు కట్టిన కొత్త కుండ. ఆ కుండ దగ్గర కూర్చున్నది మా సర్కారు బడిలో మధ్యాహ్న భోజనం వండే పెద్దావిడ. ఊరంతా ఆమెను పెద్దక్క అంటారు. ఆమె వంట తిని చదువుకున్నవాళ్లు ఇప్పుడు ఉద్యోగాలు చేస్తున్నారు. బోనాలు ఆషాఢంలో ఎత్తుతారు. ఇది మే నెల.

"ఆషాఢం ఇంకా రాలేదు గదా పెద్దక్కా" అన్నాను, ఎలా మొదలుపెట్టాలో తెలియక.

"ఆకలికి ఆషాఢమేంది తమ్మీ. అన్నేండ్లు మంచుల ఉన్నదంట పిల్ల. ఉడుకుడుకు బువ్వ తెచ్చిన. ఎక్కడున్నదో నువ్వే చూపియ్యి, నీ పేపర్లనే వచ్చింది గదా."

అందరూ నా వైపు తిరిగారు. నేను ఒక చిన్న బండ మీద నిలబడ్డాను. మీటింగులు ముప్ఫై ఏళ్లు రాశాను గానీ, ఒక్కసారీ మాట్లాడలేదు.

"జర వినండి. పిల్ల ఈడ లేదు. నేను తప్పు రాసిన. అది పెరూ అని వేరే దేశం. ఈ గుట్ట కాదు. ఈ గుట్ట ఫొటో కూడా తప్పే పడ్డది."

వెనక నుంచి ఒకాయన, "నీ పేపర్ పాడుగాను, పొద్దుగాల్నించి ఎక్కుతున్నం" అన్నాడు. ఇంకొకాయన, "నేను అప్పుడే అన్న, మే నెలల మంచేంది అని" అన్నాడు. గుండుకు చెవి ఆనించిన ఆయనే అది. పక్కనున్న మనిషి, "నువ్వనలే. నువ్వు సల్లగ తగుల్తుందన్నవ్" అన్నాడు. అందరూ నవ్వారు. ఆ నవ్వుతో నాకు కొంచెం ఊపిరాడింది.

పెద్దక్క నవ్వలేదు.

"పిల్ల ఉన్నదా, లేదా? గది చెప్పు ముందు."

"ఉన్నది పెద్దక్కా. పెరూల ఉన్నది."

"మంచుల దొరికింది నిజమేనా?"

"నిజమే. కొండకిచ్చిన పిల్లనే."

"అయితే మొత్తం చెప్పు. పేపర్ల సగమే ఉన్నది."

బండ దిగి, వాళ్ల మధ్య కూర్చుని మొత్తం చెప్పాను. డెస్క్ కోసినదీ చెప్పాను, నేను రాయనిదీ చెప్పాను. మధ్యలో ప్రశ్నలు. నా ఉద్యోగ జీవితంలో అంత మంచి ప్రశ్నలు ఏ ప్రెస్ మీట్‌లోనూ వినలేదు.

"ఎందుకిచ్చిండ్రు కొండకు?"

"వానలు పడాలని, కొండ నిప్పులు కక్కొద్దని."

"మనం కోడినిస్తం, మేకనిస్తం. పిల్లనెట్ల ఇయ్య మనసొచ్చింది వాళ్లకు?"

"గొప్ప అనుకున్నరట. మంచిగ చూసుకొని, మంచి బట్టలు కట్టి తీస్కపోయిండ్రట."

"గొప్పేం గొప్ప. ఇంతకు ఆఖర్న ఏం తిన్నది?"

"కూరగాయలు తిన్నదని పొట్టల చూసి కనుక్కున్నరు."

"ఒట్టి కూరనా? బువ్వ పెట్టలే?"

"అక్కడ బియ్యం లేవు అప్పట్ల. మక్కలు, ఆలుగడ్డలు."

పెద్దక్క పెదవి విరిచింది. పక్కనున్న ఒకామె అడిగింది, దొరికినాక కిందికి ఎట్ల తెచ్చిండ్రని. ఒకాయన వీపు మీద మోసుకుని మంచులో దిగాడనీ, కరిగిపోకుండా పరుపులో చుట్టి కంచరగాడిద మీద ఊరిదాకా తెచ్చారనీ చెప్పాను. "తెచ్చినోళ్లు మంచోళ్లు" అంది ఆమె. అందరూ అవ్ అన్నారు. ఇప్పుడు అద్దాల పెట్టెలో, చల్లగా కాపాడుతున్నారని చెప్పాను.

"అంటే ఇప్పటికి కూడ చలిలనే ఉన్నది" అంది పెద్దక్క.

ఆమె లేచి కొంగు బిగించింది. "ఆ దేశం ఎటు దిక్కున్నది?"

నాకు తెలియదు. ఫొటోగ్రాఫర్ ఫోన్లో భూగోళం తెరిచి అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు. అతడిది చర్చికి పోయే కుటుంబం. బోనాల ఫొటోలు ప్రతి ఏడూ అతడే తీస్తాడు. "దిక్కు అంటే ఏం చెప్పాలె అక్కా. భూమికి అటు మొఖాన ఉన్నది. దాదాపు మన కాళ్ల కిందనే అనుకో."

"మంచిగైంది. ఈణ్నించే పెడ్దాం" అంది పెద్దక్క.

కుండ మీది దీపం తీసి ఒక బండ మీద పెట్టింది. విస్తరాకు పరిచి, కుండలోని బెల్లమన్నం గరిటెతో తీసి వడ్డించింది. ఇంకా పొగలు వస్తున్నాయి. ఎండకో, వేడి తగ్గకనో నాకు తెలియదు. బడిలో పిల్లలకు వడ్డించేటట్టే, రెండోసారి కొంచెం ఎక్కువ వేసింది. అరచేతిని నేల మీద ఆనించి, "తిను బిడ్డా" అంది. అంతే. డప్పు లేదు, పూనకంతో ఊగే శివసత్తు లేదు. పక్కనున్నవాళ్లు వంతుగా వచ్చి నేలను తాకి పోయారు. చెవి ఆనించిన ఆయన కూడా వచ్చాడు. మా ఫొటోగ్రాఫర్ కెమెరా పక్కన పెట్టి, తన పద్ధతిలో కళ్లు మూసుకుని రెండు నిమిషాలు నిలబడ్డాడు. మిగిలిన బెల్లమన్నం అందరికీ పంచారు. కీరదోసకాయలు కూడా పంచారు. ఎండకు ఎవరూ పడిపోలేదు.

నేను తింటుండగా ఎడిటర్ గారి ఫోను మళ్లీ వచ్చింది. నాలుగింటికి తప్పకుండా రమ్మని గుర్తుచేయడానికి. నా ముఖం పెద్దక్క చూసింది.

"ఎవరు తమ్మీ?"

"మా ఎడిటర్. ఇద్దరిల ఒకర్ని ఇంటికి పంపుతడట. నన్నో, డెస్క్‌ల పనిచేసేటాయన్నో."

"గీ ముచ్చటకేనా?"

"గీ ముచ్చటకే."

"మేమొస్తం" అంది.

వద్దన్నాను. వినలేదు. రెండు ఆటోలు మాట్లాడారు. బొంగ్లూర్ గేటు దాటి, ఔటర్ రింగ్ రోడ్డు పక్క దారి పట్టుకుని పెద్ద అంబర్‌పేట్ పోయేదాకా, ముందు ఆటోలో నేను, పెద్దక్క, ఇంకో ఇద్దరు. వెనక ఆటోలో ఐదుగురు. ఒక టిఫిన్ డబ్బాలో బెల్లమన్నం. ఎడిటర్‌ను బతిమాలడానికి ఇంతమందిని వెంటేసుకుని పోతున్నానని అనుకుంటారని సిగ్గుతో చచ్చాను.

డెస్క్ ఇన్‌చార్జి గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు. గడ్డం గీసుకోలేదు. ఆడవాళ్లను చూసి, "ధర్నానా గురువుగారూ" అన్నాడు మెల్లగా.

"కాదు. ప్రసాదం."

ఎడిటర్ గారి గదిలో ఏసీ గట్టిగా పెట్టి ఉంటుంది. మేమిద్దరం ఒకేసారి తప్పు నాదంటే నాదని మొదలుపెట్టాం. ఆయన చేయెత్తి ఆపాడు. నా వెనక తలుపులోంచి ఒక్కొక్కరే లోపలికి వస్తున్న ఆడవాళ్లను చూశాడు. మర్యాదస్తుడు గనక లేచి నిలబడి కుర్చీలు చూపించాడు. పెద్దక్క కూర్చోలేదు. భుజాలు చేతులతో రుద్దుకుంది.

"సారూ, గింత సల్లగుంటదా ఆ పిల్ల ఉన్న కొండ?"

"ఇంతకంటే చాలా ఎక్కువ ఉంటుందమ్మా."

"అట్లనా." డబ్బా మూత తీసి ఆయన ముందు పెట్టింది. "తిను సారూ. ఆ పిల్లకు పెట్టినం, మిగిలింది తెచ్చినం. ఈ తమ్మి గుట్టెక్కి మొత్తం చెప్పిండు మాకు. తప్పు రాసిండు, ఒప్పుకున్నడు. మేం ఎక్కినం, దిగినం. మాకేం కోపం లేదు."

ఎడిటర్ గారు డబ్బా వైపు చూశాడు. ఆయనకు షుగర్ ఉందని మాకందరికీ తెలుసు. ఒక స్పూను తీసుకుని తిన్నాడు. తర్వాత ఇంకో స్పూను తిన్నాడు.

"అంటే పెరూ అని తెలిశాక కూడా పెట్టారా?" అని అడిగాడు.

"తెల్సినాకనే పెట్టినం. ఇంకొక మాట అడగాల్నని వచ్చిన. ఆ పిల్ల పేరేంది?"

ఎడిటర్ గారు నా వైపు చూశాడు. నేను ఇన్‌చార్జి వైపు చూశాను.

"కనుక్కున్నోళ్లు ఒక పేరు పెట్టుకున్నరు పెద్దక్కా, పిలుచుకునేటందుకు. అసలు పేరు ఎవరికీ తెల్వదు" అన్నాను.

"పేరు తెల్వకుండ గింత పెద్ద వార్త ఎట్లేసిండ్రు?" అంది పెద్దక్క. తిట్టినట్టు కాదు, నిజంగానే ఆశ్చర్యపడి. "మా బడిల పల్లెం ముందర పెట్టాలన్నా పేరు పిలిచి పెడ్తం."

ఆ గదిలో కలిపి చూస్తే ముగ్గురం దగ్గరదగ్గర తొంభై ఏళ్లు వార్తలు రాసినవాళ్లం. ఎవరు, ఎక్కడ, ఎప్పుడు అని కొత్తవాళ్లకు పాఠాలు చెప్పినవాళ్లం. పొద్దుటి నుంచి మేము "ఎక్కడ" అన్నదాని కోసమే కొట్టుకుంటున్నాం. "ఎవరు" అన్నది మాలో ఒక్కరికీ గుర్తురాలేదు.

ఎడిటర్ గారు చాలాసేపు డబ్బాలోకి చూస్తూ కూర్చున్నాడు. ఆయన భుజాలు కదలడం చూసి ముందు భయపడ్డాను. నవ్వుతున్నాడు. ఆయన నవ్వడం పదేళ్లలో నేను చూడలేదు. "ఎవరూ ఇంటికి వెళ్లనక్కర్లేదు. ఇద్దరూ కూర్చుని సవరణ రాయండి. మూలన కాదు, ఇవాళ ఎక్కడ పడిందో అక్కడే, అంతే పెద్దది. గుట్ట మీద ఈవిడ పెట్టిన అన్నం కూడా రాయండి. చివరి లైను నేను చెబుతాను, రాసుకో" అన్నాడు నాతో.

పెన్ను తీశాను.

"బాలిక పేరు తెలియాల్సి ఉంది."

నేరవార్తలన్నిటికీ మేం చివర 'వివరాలు తెలియాల్సి ఉంది' అని పెట్టే వాక్యం లాంటిదే అది. వేలసార్లు రాసి ఉంటాను. ఇన్‌చార్జి దాన్ని ఒక పక్క నుంచి చదివి, "ఈ లైను మాత్రం కొయ్యనండి" అన్నాడు.

సవరణ రాసి ఇచ్చేసరికి ఎండ తగ్గింది. ఆడవాళ్లు కాంపౌండులో నాకోసం ఆగి, ప్రెస్సు చూసి, కాగితం చుట్టలు ఎంతెంత పెద్దగా ఉన్నాయో చెప్పుకుంటున్నారు. తిరుగు ప్రయాణంలో, రెండో ఆటో ఆగకుండా వెళ్లిపోవడంతో, అందరూ ఒక ఆటోలోనే ఇరుక్కున్నారు. నన్ను డ్రైవర్ పక్కన కూర్చోబెట్టారు. ఔటర్ పక్కన ప్లాట్ల జెండాలు గాలికి రెపరెపలాడుతున్నాయి. వెనక ఆ పిల్లకు ఏం పేరు పెడితే బాగుంటుందన్న చర్చ మొదలైంది. ఒకామె తన మనుమరాలి పేరు చెప్పింది. ఇంకొకామె అమ్మవారి పేరు చెప్పింది. మూడో ఆమె, మంచులో దొరికింది గనక చల్లగా వినబడే పేరుండాలంది. గొంతులు పెరిగాయి. డ్రైవర్ కూడా ఒక పేరు చెప్పాడు. అతడిని నడపమన్నారు.

బొంగ్లూర్ గేటు దగ్గర పెద్దక్క అందరినీ ఆపింది.

"మనం పెట్టుడేందే. వాళ్లమ్మ పెట్టే ఉంటది గదా."